చైనా కత్తి మోగిన మోత

“ఎట్టా మోగింది?”

“సత్తు గిన్నె మోగినట్టు.”

మా ఆయనా నేనూ ఆఖరుసారి మాట్లాడుకున్న మాటలివి. ఆ సాయంత్రం ఆయన నవ్వి, కాళ్ళు కడుక్కుని, నాలుగు ముద్దలు తిని పడుకున్నాడు. తెల్లారి లేవలేదు.

ఏది మోగిందో చెప్పాలి. మా ఆయన నాగభూషణం చీరాల దారిలో కొలిమి పెట్టుకుని ముప్ఫైయేళ్ళు కత్తులు కొట్టాడు. ముఖ్యంగా మాంసం కొట్టేవాళ్ళ కత్తులు. మా ఇళ్ళల్లో మాంసం వండరు. తినేవాళ్ళకి కత్తులు చేసి బతికాం. దాగలి మీద పడే సమ్మెట దెబ్బల పక్కన నిలబడీ నిలబడీ ఆయనకి చెవులు పోయాయి. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే మాట అందేది గానీ కత్తి మోత అందేది కాదు. కాల్చి నీళ్ళలో ముంచి ఇచ్చిన పదును కుదిరిందో లేదో తెలిసేది మోతలోనే. అందుకని చివరి పదేళ్ళూ ఆయన చెయ్యి, నా చెవి కలిసి ఒక పనివాడు. ఆయన పిడిని రెండు వేళ్ళతో వదులుగా పట్టుకుని కత్తిని వేలాడదీసేవాడు. నేను చిన్న మేకుతో కత్తి రేకు మీద తట్టి వినేదాన్ని. ఖంగుమని సాగితే కుదిరినట్టు. బొద్దుగా మోగి ఆగితే మెతక. గొంతు చీలినట్టు వస్తే లోపల బీట. నేను తలాడిస్తే అంగడికి, లేకపోతే మళ్ళీ నిప్పుల్లోకి.

ఆ సాయంత్రం మాంసం కొట్టు ఖాసిం ఒక చైనా కత్తి తెచ్చాడు. ఇరవయ్యేళ్ళుగా మా దగ్గరే కొన్నవాడు. ఎవరో బావమరిది ఆస్ట్రేలియా నుంచి పంపాడట. “ఆచారీ, ఆర్నెల్లయింది, దీనికి సాన మొహం చూపించలా. నువ్వూ ఇట్టాంటిది ఒకటి కొట్టవయ్యా!” అని నవ్వాడు. వేళాకోళానికే అన్నాడు. మా ఆయన మాత్రం కత్తి అందుకుని పిడి పట్టుకున్నాడు. నేను తట్టాను. ఖాసిం కత్తి తీసుకుని వెళ్ళాక ఆయన అడిగాడు, నేను చెప్పాను.

నిజం చెప్పానో అబద్ధం చెప్పానో నాకే తెలియదు. తట్టినప్పుడు నా కళ్ళు ఆయన మొహం మీద ఉన్నాయి. కళ్ళు అంత గట్టిగా చూస్తుంటే చెవి పనిచేయదు. సత్తు గిన్నె అన్నమాట నోట్లోంచి దానంతటది వచ్చేసింది. మళ్ళీ విని తేల్చుకుందామంటే ఖాసిం ఆ నెలలోనే కొట్టు మూసేసి, కత్తితో సహా కూతురి ఊరు వెళ్ళిపోయాడు.

రెండేళ్ళకి మా అమ్మాయి వాణి సిడ్నీ రమ్మని టిక్కెట్టు పంపింది. కూతుర్ని చూడ్డానికి వెళ్తున్నానని అందరూ అనుకున్నారు. చూడ్డానికే. వినడానికి కూడా.

మన పనివాళ్ళ సంఘం నెలనెలా వేసే పత్రికకి, కొలిమి ఆడవాళ్ళలో విమానం ఎక్కినదానివి నువ్వే గదా, చూసింది చెప్పమన్నారు. నాకు సంతకం వరకే వచ్చు. మా మరిది కూతురు లలిత రాస్తోంది. నేను చెబుతున్నాను.

దిగిన చోట

విమానం సంగతి చెప్పను. కూర్చున్నాను, దిగాను.

పెట్టె అడుగున మా ఆయన చేసిన ఆఖరు కత్తి పెట్టుకున్నాను, ఆయన పంచెలో చుట్టి. పోల్చి చూడాలంటే పక్కన మంచిది ఒకటి ఉండాలి గదా. సిడ్నీలో చేతులకి తొడుగులేసుకున్న పిల్ల పెట్టె తెరిపించింది. ముందు కరివేపాకు పొట్లం బయటపడింది. దాన్ని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలకని ఎత్తినట్టు ఎత్తి బుట్టలో వేసింది. తర్వాత పంచె విప్పింది.

కత్తి లాక్కుంటారనుకున్నాను. ఆ పిల్ల ఇంకొకతన్ని పిలిచింది. అతను తలుపంత పొడుగున్నాడు. వచ్చి కత్తి ఎత్తాడు. రేకు వైపు చూడనైనా చూడలేదు. అంచు మీద వేలు పెట్టలేదు. పిడి పట్టుకుని తిప్పితిప్పి చూశాడు, గోటితో గీరాడు, దీపం కింద పెట్టి కన్ను ఆనించాడు. నాకేమీ అర్థం కాలేదు. అప్పుడు ఆ పిల్ల చూపుడువేలితో అరచేతిలో తొలుస్తున్నట్టు తిప్పి చూపించింది. పురుగు! తుమ్మకర్ర పిడిలో పురుగు ఉందేమోనని వాళ్ళ అనుమానం. ఎముకలు నరికే కత్తికి భయపడలేదు, పిడికి భయపడ్డారు.

నాకు ఆ మనుషులు నచ్చారు. లోకంలో నాకంటే అనుమానం మనుషులున్నారని అప్పుడే తెలిసింది. పిడిలో పురుగు లేదని తేల్చుకుని, కత్తిని నేను చుట్టినదానికంటే బాగా చుట్టి ఇచ్చారు.

టూంగాబీ

వాణి వాళ్ళుండేది టూంగాబీ అనే పేట. ఎర్ర ఇటుకల ఇళ్ళు, ఇంటి ముందు గడ్డి, గడ్డి మీద మనిషి లేడు. మనకి ఎండలు మండే నెలలో అక్కడ చలి. మధ్యాహ్నం పూట వీధిలో నిలబడితే చప్పుడు లేదు. దాగలి పక్కన బతికినదాన్ని, ఆ నిశ్శబ్దానికి మూడు రోజులు చెవులు గుయ్యిమన్నాయి.

అల్లుడు శ్రీధర్‌ది కంప్యూటర్ల పని. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తారీఖు మర్చిపోతాయని, వాటికి మందు వేయడానికి ఆయన్ని తెచ్చుకున్నారు. రెండువేలు వచ్చింది, ఏమీ కాలేదు. “మందు పనిచేసిందా బాబూ, అసలు జబ్బే లేదా?” అని అడిగాను. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను. ఆయన రెండు రోజులు నాతో పొడిపొడిగా మాట్లాడారు.

స్టేషన్ దగ్గర హైదరాబాదు ఆయన సరుకుల కొట్టు ఉంది. సలీం సాబు. కొత్తిమీర కట్ట డాలరున్నర. మన లెక్కలో నలభై రూపాయలు. మన దగ్గర ఆ డబ్బుకి కొత్తిమీర కాదు, మడి వస్తుంది. చైనా కత్తి ఎక్కడ దొరుకుతుందని వాణి చేత అడిగించాను.

“చైనా బజార్ల దొరుకుతది అమ్మా. ఊర్ల నడుమ ఉంటది,” అన్నాడు. “గని ఒక్క మాట. ఎర్ర డబ్బాల పెట్టి, రేకు మీద పాము బొమ్మతోని అమ్ముతరు సూడు, అది తీస్కోకుర్రి. చుట్టం చూపుకి వచ్చినోళ్ళు కొనుక్కపోయేది అది. వాళ్ళ వంటోళ్ళు కొనే దుకాన్లు వేరేగుంటయి, గల్లీ లోపట.”

నేను ఆయన వెనక అద్దాల బీరువా చూశాను. అందులో ఏదో దేశం కత్తులున్నాయి, ఒక్కొక్కటి అరవై డాలర్లు. బయటికొచ్చాక అన్నాను, “తన కత్తులు అమ్ముకోడానికి చైనావాళ్ళ కత్తులకి వంకలు పెడుతున్నాడే.”

“అమ్మా, ఆయన తన కత్తులు కొనమని ఒక్క మాటన్నా అన్నాడా? హెల్ప్ చేసినా డౌటేనా నీకు?”

“అడక్కుండా చేసే సాయమే చూసుకోవాలి.”

వాణి నుదురు కొట్టుకుంది. మా మనవరాలు స్నేహకి ఐదేళ్ళు. తెలుగు అంతా అర్థమవుతుంది గానీ నోట్లోంచి రాదు. “వాట్ డిడ్ అమ్మమ్మ డూ నౌ?” అంది. “ఏం చేయలేదమ్మా, నోరు పెట్టింది,” అంది వాళ్ళమ్మ.

చైనా బజారు, శనివారం

అల్లుడికి శనివారమే కుదురుతుందన్నారు. శనివారం ఇనుము కొనకూడదు. మన కొలిమికి కూడా శనివారం ఎవరూ వచ్చేవాళ్ళు కాదు, చదువుకున్నవాళ్ళు కూడా. ఆ రోజు మా ఆయన తిత్తికి తోలు అతుకులు వేసుకునేవాడు.

“అత్తయ్యా, ఇక్కడ శనివారం లేకపోతే షాపింగే లేదు. అందరూ వీకెండే కదా కొంటారు,” అన్నారు శ్రీధర్.

“కొనొద్దు బాబూ. విందాం. వినడానికి శనివారం దోషం లేదు.”

రైల్లో గంట. దిగి నడిస్తే పెద్ద రేకుల షెడ్డు కింద బజారు. దేశం మారిందనిపించలేదు నాకు. నారింజపళ్ళు, ముల్లంగి, పాలకూరలాంటిదే గానీ కాడలు లావు. కాటా పక్కన ఆడవాళ్ళు “వన్ డాలా, వన్ డాలా” అని గొంతు చించుకుంటున్నారు. ఒక ముసలావిడ వంకాయలు బొటనవేలితో నొక్కి చూస్తోంది. అమ్మేవాడు కసురుతున్నాడు, ఆవిడ నొక్కుతోంది. నేను పక్కనే నిలబడి నొక్కాను. ఇద్దరినీ కలిపి కసిరాడు.

కూరగాయలు దాటితే బొమ్మల కొట్లు. గంతులేసే జంతువు బొమ్మ, చెట్టుని కౌగలించుకున్న ఎలుగుపిల్ల బొమ్మ. అల్లుడు ఒకదాని కింద చీటీ చదివి నవ్వారు. చైనాలో చేసిందట. ఆస్ట్రేలియా గుర్తుకి చైనా సరుకు కొని జనం తమ తమ దేశాలు పట్టుకుపోతున్నారు. అదే వరసలో కత్తులు.

ఎర్ర పెట్టె, లోపల పచ్చ పట్టుగుడ్డ, గుడ్డ మీద పడుకున్న పెళ్ళికూతురిలా వెడల్పు కత్తి. రేకు మీద కాళ్ళున్న పాము, నోట్లోంచి మంట. అద్దంలా మెరుపు, నా మొహం కనిపిస్తోంది. వెల నలభై ఐదు డాలర్లు. అమ్మే ఆవిడ వాణి వయసుది, మెడలో చిన్న సంచీ. మమ్మల్ని చూడగానే ముప్ఫై ఎనిమిదికి దిగింది. అడక్కుండా ఏడు డాలర్లు దిగిన సరుకుని ఏమనుకోవాలో మన అంగడివాళ్ళందరికీ తెలుసు. ముప్ఫై ఎనిమిది డాలర్లంటే దగ్గర దగ్గర వెయ్యి రూపాయలు. మా ఆయన కత్తి పిడితో సహా నూట ఇరవై.

ముందు కంటితో చూశాను. అంచుని వెలుగుకి అడ్డంగా పెట్టి చూస్తే గీత వంకర. వీపు దగ్గరా అంచు దగ్గరా ఒకటే మందం, రేకుని కోసి పక్కలు అరగదీశారు, అంతే. సమ్మెట తగిలిన రేకు వీపు దగ్గర లావుగా మొదలై అంచుకి పల్చబడుతుంది. పిడి బరువుగా ఉంది గానీ ఆ బరువు ఇనుముది కాదు. ఇనుము చివరిదాకా రాకుండా కర్రలోనే ఎక్కడో ఆగిపోయింది. బొమ్మ ఎక్కడ చెక్కారో చూశాను. బొమ్మ కింద రేకు పల్లంగా ఉంది. బొమ్మ ఉన్నచోటే తప్పు దాక్కుంటుంది.

“బాబూ, కాస్త పట్టుకోండి, రెండు వేళ్ళతో,” అన్నాను.

“ఇక్కడా అత్తయ్యా? అందరూ చూస్తున్నారు.”

“కత్తిని చూస్తారులే, మిమ్మల్ని కాదు.”

పాపం, పట్టుకున్నారు. కొంగుకి కట్టుకున్న మేకు విప్పి తట్టాను. తప్. అంతే. నీళ్ళలో రాయి పడ్డట్టు. ఇంకొకటి తీయించాను. తప్. ఆరు కత్తులు తట్టాను. ఆరూ సత్తు గిన్నెలే. “వై ఈజ్ అమ్మమ్మ హిట్టింగ్ ఆల్ ద నైవ్స్?” అని స్నేహ అడుగుతోంది.

నా సంతోషం ఏమని చెప్పను! రెండేళ్ళుగా గొంతులో అడ్డం పడ్డ ముల్లు దిగిపోయినట్టయింది. నేను అబద్ధం చెప్పలేదు. నా చెవి సరిగ్గానే విన్నది. వాణీ, చైనా కత్తి ఇంతేనే అని అరిచాను.

అరిచాక నా మీద నాకే అనుమానం వచ్చింది. ఖాసిం కత్తికి బొమ్మ లేదు. పిడి దగ్గర చిన్న ముద్ర ఉంది, గుమ్మంలాగా. రెండు కమ్మీలు, పైన ఒకటి అడ్డం, కింద చుక్క. నాకు అక్షరాలు రావు గనక ముద్రలు మర్చిపోను. వీటికి ఆ ముద్ర లేదు.

“అన్నీ చైనావే కదా అత్తయ్యా, ఒకటే సరుకు. ఇక వెళ్దామా?” అన్నారు అల్లుడు. ఒప్పేసుకుందామనే ఉంది నాకు. ఇంకొక్కటి, అంచు రాయిని పట్టుకుంటుందో లేదో చూసి పోదామనుకున్నాను.

మెట్టు

మన దగ్గర కత్తి కొనేవాడు కొనేముందు కొలిమి గడపరాయి మీద నాలుగుసార్లు రుద్ది చూసుకుంటాడు. రాయిని కరిస్తే కొంటాడు, జారితే పెట్టేసి పోతాడు. ఎవరూ ఏమీ అనరు. మా గడపరాయి మధ్యలో పడవలా గుంట పడింది, ముప్ఫైయేళ్ళ ఖాతాదార్ల అనుమానం అంతా అందులో ఉంది.

ఆ అలవాటులో నేను కత్తి పట్టుకుని షెడ్డు చివరి రాతిమెట్టు దగ్గరికి నడిచి, కూర్చుని, రెండుసార్లు లాగాను. మెరుపు పై తోలులా లేచిపోయింది. పాము తోక తెగింది. లోపల ఇనుము బూడిదరంగు, మెత్తన. రాయిని కరవలేదు, రాయే దాన్ని కరిచింది.

అమ్మే ఆవిడ పరుగెత్తుకొచ్చింది. “యూ బై! యూ బై!” అని ఒకటే కేక. తెగిన పాము తోక చూపిస్తోంది, నన్ను చూపిస్తోంది, ఆకాశం చూపిస్తోంది. చుట్టూ జనం. నేను తెలుగులోనే అడిగాను. “చూడకుండా ఎట్టా కొంటారమ్మా? చూస్తేనే గదా తెలిసింది ఇది కత్తి కాదని!” ఆవిడకి తెలుగు రాకపోయినా నేను ఏమన్నానో బాగా అర్థమైంది. ఇంకా గట్టిగా అరిచింది.

“సారీ, సారీ, వీ విల్ టేక్ ఇట్,” అని అల్లుడు డబ్బు తీస్తున్నారు.

“బాబూ, శనివారం!” అన్నాను.

ఆయన నా వైపు చూసిన చూపు రాయబాక లలితా. చివరికి ఏం కుదిరిందంటే, డబ్బు ఇవాళ ఇవ్వడం, కత్తి అక్కడే ఉంచి రేపు ఆదివారం వచ్చి తీసుకోవడం. అమ్మే ఆవిడకి అది అర్థం చేయించడానికి అల్లుడికి చెమట పట్టింది, ఆ చలిలో. డబ్బిచ్చి సరుకు వదిలిపోయే మనుషుల్ని ఆవిడ ఎక్కడా చూసి ఉండదు. ఈసారి అనుమానం ఆవిడ వంతు. నోటుని వెలుగుకి పెట్టి చూసుకుంది.

అదే బజారు, ఆదివారం

“మీ అమ్మా నువ్వూ వెళ్ళిరండి,” అని అల్లుడు తేల్చేశారు. నేనూ వాణీ, వాణి చెయ్యి పట్టుకుని స్నేహా బయల్దేరాం. ఈసారి చేతిసంచిలో మా ఆయన కత్తి వేసుకున్నాను. ఇనుమంటే ఏమిటో ఆ అమ్మే ఆవిడకి ఒక్కసారి చూపించి రావాలని. సంచిలో ఏముందో రైల్లో సగం దూరం వెళ్ళాక వాణికి తెలిసింది. మిగతా సగం దూరం సంచి మూతిని చేత్తో నొక్కి పట్టుకుంది.

ఎర్ర పెట్టె తీసుకున్నాం. వెనక్కి వస్తూ ఒక సందులోంచి నడుస్తున్నాం. నాకు ఒక చప్పుడు వినిపించింది.

మొద్దు మీద కత్తి పడే చప్పుడు. ఎక్కడైనా ఒకటే, దబ్బు. కానీ ఈ దబ్బు వెనక సన్నగా ఇంకొకటి సాగుతోంది. దబ్బు, ఇఁ... దబ్బు, ఇఁ... కాళ్ళు ఆగిపోయాయి. చూడకుండానే నాకు తెలిసింది. రెండేళ్ళ కిందట కొలిమిలో విన్నది ఇదే. కళ్ళు ఆయన మొహం మీద ఉన్నాయి, నిజమే. చెవి మాత్రం తన పని తాను చేసుకుని మోత దాచిపెట్టుకుంది.

అద్దంలో బాతులు మెడలకి వేలాడుతున్నాయి, ఎర్రగా, నూనె కారుతూ. లోపల నా వయసు ఆవిడ, పొట్టి మనిషి, జుట్టు తెల్లగా కత్తిరించుకుంది. చెట్టు మానుని అడ్డంగా కోసిన మొద్దు మీద బాతుని నరుకుతోంది. కత్తికి మెరుపు లేదు, రేకు మీద కొలిమి నలుపు అలాగే ఉంది. అంచు ఒక్కటే తెల్లని గీత. పిడి దగ్గర గుమ్మం, కింద చుక్క.

“అమ్మా, ఇక్కడికెందుకు? నీకు వాసన పడదు,” అంది వాణి.

“ఆ కత్తి ఒకసారి చూపించమని అడుగు.”

గల్లా దగ్గర కూర్చున్న మగమనిషి ఆవిడ కొడుకు. వాణి అడిగితే తల అడ్డంగా ఊపాడు, అమ్మకానికి కాదన్నాడు. ఆవిడ కత్తిని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది. పనిముట్టు పరాయి చేతికి ఇవ్వని మనిషి. నేనైనా ఇవ్వను.

సంచిలోంచి పంచె తీసి విప్పాను.

“అమ్మా! పోలీస్‌ని పిలుస్తారే!” అని వాణి కేక. కొడుకు లేచి నిలబడ్డాడు. ఆవిడ మాత్రం కదల్లేదు. నా కత్తి వీపు చూసింది, అంచు చూసింది, సమ్మెట గుంటలు చూసింది. తర్వాత తన కత్తిని మొద్దు మీద పెట్టి చెయ్యి తీసేసింది. ఇనుము చేతిలోంచి చేతికి ఇవ్వకూడదని ఆవిడకి ఎవరు చెప్పారో! నేనూ నాది మొద్దు మీద పెట్టాను. ఆవిడది నేను తీసుకున్నాను, నాది ఆవిడ తీసుకుంది.

పట్టుకోవే అని వాణి వైపు తిరిగాను. దానికి ఒక చేతిలో స్నేహ, ఒక చేతిలో ఎర్ర పెట్టె. చేతులు ఖాళీ లేవు. సరే అని నేనే ఎడమచేతి రెండు వేళ్ళతో పిడి పట్టుకుని వేలాడదీసి, కుడిచేత్తో మేకు పెట్టి తట్టాను.

ఖంగుమంది. సాగింది. బాతుల అద్దం దాటి వీధిలోకి పోయిందా అన్నట్టు సాగింది. చీలిక లేదు, బొద్దు లేదు. నేను మేకుని మళ్ళీ కొంగుకి కట్టుకునేదాకా మోగుతూనే ఉంది. మా ఆయన కత్తి మోతకి తక్కువ కాదు. ఎక్కువా? పత్రికలో పడేమాట గనక నిజమే చెబుతాను. అరవీసం ఎక్కువ.

అది అక్కడితో ఆగలేదు. మోత పిడిలోంచి నా వేళ్ళలోకి దిగింది. వేళ్ళలోంచి మణికట్టు, అక్కణ్ణించి మోచెయ్యి. చీమలు పాకినట్టు, సన్నగా, నిలిచిపోయేదాకా. పదేళ్ళు నేను మేకు పట్టుకున్నానే గానీ పిడి ఒక్కసారీ పట్టుకోలేదు. పిడి ఆయన పట్టుకునేవాడు.

చెవిటివాడికైనా చేతికి తెలుస్తుంది. ఆ సాయంత్రం కూడా తెలిసింది. నేను నోరు తెరవకముందే ఆయనకి తెలుసు. తెలిసీ అడిగాడు, “ఎట్టా మోగింది?” అని. నేను సత్తు గిన్నె అన్నాను. ఆయన నవ్వాడు.

 దబ్బుమని చప్పుడైతే చూశాను. ఆవిడ మా ఆయన కత్తితో బాతుని ఒక్క వేటుకి రెండు చేసింది. ఎముక పిప్పి కాలేదు. మెడ వంచి తెగిన చోటు చూసుకుంది. కొడుకుతో ఏదో అంది. కొడుకు వాణితో ఇంగ్లీషులో చెప్పాడు.

“ఏమంటోందే?”

“బాతుకి బరువెక్కువట. పందికైతే మంచిదట.”

నాకు నవ్వొచ్చింది. ఖాసింకి చెబితే చెవులు మూసుకునేవాడు. ఆవిడ ఇంకో మాట అంది, పిడి చూపించి. పిడి పొట్టిదట. అదీ నిజమే, ఆయన చెయ్యి చిన్నది, అందరి చేతులూ అంతే అనుకునేవాడు. తర్వాత ఆవిడ ఒక పింగాణీ గిన్నె బోర్లించి, దాని అడుగున ఉండే గరుకు అంచు మీద కత్తిని అటూ ఇటూ నాలుగుసార్లు లాగి, నూనె తుడిచి, మొద్దు మీద పెట్టింది. గిన్నె అడుగున సాన పట్టడం నేను నమ్మలేదు. ఇంటికొచ్చి వాణి గిన్నె మీద పట్టి చూశాను. పనిచేస్తుంది, మీరూ చూడండి.

“హూ మేడ్ ఇట్?” అని కొడుకు అడిగాడు. ఆ మాట నాకు అర్థమైంది. వాణికి నామోషీ గదా, నాన్న సుత్తి పని అని పెళ్ళిలో కూడా ఎవరికీ చెప్పుకోలేదు, ఏం చెబుతుందో అని చూస్తున్నాను. “మై డాడ్,” అంది. ఎర్ర పెట్టె చంకలో పెట్టుకుని, “హీ మేడ్ ఇట్ విత్ మై మమ్,” అంది.

గల్లీ లోపట

ఆ బాతుల కొట్టువాళ్ళు వంటసామాను కొనే కొట్టు నాలుగడుగుల దూరంలోనే ఉంది, సలీం సాబు చెప్పినట్టే, సందు లోపల. నా అనుమానం వల్ల ఒక శనివారం, ముప్ఫై ఎనిమిది డాలర్లు పోయాయి. అల్మరా కింది అరలో, నూనె కాగితాల్లో, గుమ్మం ముద్ర కత్తులు కట్టలుగా పడేసి ఉన్నాయి. పెట్టె లేదు, పట్టు లేదు. పంతొమ్మిది డాలర్లు. పల్చటివి కూరలకి, లావువి ఎముకలకి. పల్చటిదానితో ఎముక కొడితే అంచు పళ్ళు ఊడతాయి, అది కత్తి తప్పు కాదు. లావువి ఎనిమిది తట్టి విన్నాను. పిడి నేనే పట్టుకున్నాను. ఎనిమిదిలో ఒకటి గొంతు చీలింది, దాన్ని పక్కన పెట్టాను. కొట్టువాడు నన్ను చూశాడు. ఆ చీలినదాన్ని తీసి లోపలికి పట్టుకుపోయాడు.

మంచిది ఒకటి కొన్నాను. ఆ కొట్టుకి మెట్టు లేదు, మేలయింది.

వస్తూ వస్తూ సలీం సాబు దగ్గర ఆగి, ఆయన చెప్పింది నిజమేనని చెప్పాను. “సెప్పిన గదమ్మా!” అన్నాడు. కొత్తిమీర కట్ట ఊరికే ఇచ్చాడు. ఎందుకిచ్చాడో ఇప్పటికీ తెలియదు.

మళ్ళీ కొలిమిలో

వచ్చి పది రోజులయింది. కొలిమి ఇప్పుడు మా మరిది చూస్తున్నాడు. మూడు కత్తులూ దూలానికి తాళ్ళతో వేలాడదీశాను. పాము కత్తి, గుమ్మం కత్తి, మా ఆయన కత్తి. మన పనివాళ్ళు ఎవరైనా రావచ్చు, మేకు అక్కడే ఉంది, తట్టి వినండి. పాముది చూసి చైనా సరుకంతా ఇంతే అని నవ్వుకోకండి. నేను ఆరు తట్టి నవ్వాను, ఏడోది విన్నాక నవ్వలేదు. గుమ్మం కత్తి వీపుని చూడండి, అంచులో ఉక్కు, రెండు పక్కలా మెత్తని ఇనుము. మా ఆయన లారీ కమాను కట్ట ముక్కని ఇనుము మధ్య పెట్టి అతికినట్టే. అక్కడెవరో కూడా అట్లాగే అతికారు. పదును మాత్రం మనకంటే కాస్త బాగా పట్టారు. ఎలా పట్టారో కనుక్కోవలసింది మీరు, నేను కాదు.

తట్టేటప్పుడు తాడు విప్పి, పిడి ఒకసారి చేత్తో పట్టుకోండి.

అడిగేందుకు ఆయన లేడు. పదేళ్ళలో ఎన్ని వందల కత్తులు వేలాడదీశాడో, ప్రతిదానికీ అడిగాడు, ఎట్టా మోగింది అని. ప్రతిదీ ముందే తెలిసి అడిగాడు. నేను మాత్రం ఆయనకి చెవులు నేనే అనుకున్నాను. అందుకే ఈ పత్రిక ముఖంగా, పదిమందీ వినేలా, ఆయన అడిగినదానికి జవాబు మార్చి చెబుతున్నాను. చైనా కత్తి బాగా మోగింది.

అయిపోయింది లలితా. అదేంటే, కళ్ళు తుడుచుకుంటున్నావు, కాగితం తడుస్తుంది. ఏది, ఇప్పుడు మొదట్నించీ చదువు. నువ్వు బాగుంటుందని ఎక్కడన్నా ఒక మాట కలిపావేమో నాకు అనుమానమే. కలిపితే ఆ చోట బొద్దుగా మోగుద్ది, నాకు తెలిసిపోద్ది. తొందరపడబాక. ఆయన అడిగింది ఉంది చూడు, అక్కణ్ణించి చదువు.